చప్పుడు ఒకరిది.. నిద్ర ఊరిది

అనంతపురం పీఠభూమిలో వేసవి రాత్రులు మిద్దె మీద పడుకునే అలవాటు ఇంకా పోలేదు. గోరంట్ల లాంటి ఊళ్లో రాత్రి పది దాటితే వీధి సద్దుమణుగుతుంది. ఆ వేళ సైలెన్సర్ మార్చిన బైకు ఒక్కటి వెళ్లినా నాలుగు వీధుల వారు ఉలిక్కిపడతారు. పసిబిడ్డ ఏడుపు మొదలవుతుంది. గుండె జబ్బున్న పెద్దాయనకు మళ్లీ కునుకు పట్టదు.

ఈ గోల మనకు ఎక్కువగా బుల్లెట్లతోనే పరిచయం. కానీ పక్కనే బెంగళూరు ఉంది. అక్కడి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో డుకాటీ లాంటి ఇటలీ స్పోర్ట్స్ బైకులూ దొరుకుతాయి. ‘బండి పాతదే గానీ పెద్దగా తిరగలేదు’ అనే మాటకు కుర్రాళ్ల మనసు పడిపోతుంది. బండి ఇంటికి రాగానే తర్వాతి కోరిక బయటి కంపెనీ ఎగ్జాస్ట్. దానికి మాత్రం డబ్బులివ్వొద్దనే నేను అమ్మానాన్నలకు చెబుతాను. జరిమానా భయంతో కాదు, ఆరోగ్యం కోసం.

చెవికి రెండో అవకాశం లేదు

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. పెద్ద శబ్దానికి అవి చనిపోతే మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినడం ప్రమాదమని నిపుణుల లెక్క. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. అంటే 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్‌లోకి వచ్చే గాలి హోరే 90 డెసిబెల్స్ దాటుతుంది. దానికి ఈ గొట్టం మోత కూడా తోడైతే నష్టం మొదట మీ అబ్బాయికే. చెవిలో ఆగకుండా ‘గుయ్’మనే శబ్దం మొదలైందంటే దాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు.

మెలకువ రాకపోయినా..

రాత్రి శబ్దానికి మనం లేవకపోయినా శరీరం స్పందిస్తుంది. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి. రోజూ ఇదే జరిగితే గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్‌నే పరిమితిగా పెట్టింది ఇందుకే. 175 సీసీ దాటిన బైకు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు పాటించాల్సిన పరిమితి 80. దాన్నీ దాటించడానికి మనమే డబ్బు పెట్టడం ఏం న్యాయం?

పొగ కూడా మారుతుంది

చాలా బైకుల ఎగ్జాస్ట్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేది అదే. గొట్టం మొత్తం మార్చేస్తే అది కూడా పోతుంది. ఇక షట్టర్ దించిన గ్యారేజీలో బండి స్టార్ట్ చేసి వదలడం మరీ ప్రమాదం. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. అయినా ప్రాణం తీస్తుంది. ఏ బండైనా సరే, ఆరుబయటే స్టార్ట్ చేయాలి.

చప్పుడుంటేనే క్షేమమా?

‘శబ్దం వినిపిస్తే కారువాళ్లు జాగ్రత్తపడతారు కదా’ అంటారు కుర్రాళ్లు. గొట్టం నోరు వెనక్కి ఉంటుంది. కూడలిలో అడ్డుగా తిరిగే లారీ ముందుంటుంది. కారులో అద్దాలు బిగించి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్నాయన చెవిన ఈ మోత పడేసరికి ఆలస్యమైపోతుంది. కాపాడేది హెల్మెట్, హెడ్‌లైటు, తగిన వేగం, మంచి బ్రేకులు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. శబ్ద, కాలుష్య ప్రమాణాలను మీరిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. విశాఖపట్నంలో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను పట్టుకుని రోడ్డు రోలరుతో తొక్కించారు. వేలు పోసి కొన్నది రేకుముక్కగా మారడం అలా ఉంటుంది.

ఆ డబ్బు దేనికి?

తక్కువ తిరిగిన బండి అంటే కొత్త బండి అని కాదు. నిలిపి ఉంచినా టైర్ల రబ్బరు గట్టిపడుతుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. పాత డుకాటీల్లో ఇంజిన్ టైమింగ్ బెల్టులను కిలోమీటర్లతో పాటు సంవత్సరాల లెక్కన కూడా మార్చాలి. బెల్టు తెగితే ఇంజినే పోతుంది. ఎగ్జాస్ట్‌కు దాచిన డబ్బు ముందు టైర్లకు, బ్రేకులకు, బెల్టులకు ఖర్చు పెట్టించండి. మిగిలితే మంచి హెల్మెట్, దూర ప్రయాణానికి చెవిలో పెట్టుకునే ఇయర్ ప్లగ్‌లు.

పాత గొట్టం తుప్పుపట్టి మార్చక తప్పకపోతే కంపెనీదే అడగండి. బయటిదైతే రోడ్డు మీద వాడుకకు ఆమోదముద్ర ఉందో లేదో, శబ్దం తగ్గించే ‘డీబీ కిల్లర్’ లోపల ఉందో లేదో చూడండి. రేసు ట్రాక్ కోసమే అమ్మేవి మన వీధులకు పనికిరావు.

ఇటలీ ఇంజిన్ గొంతు కంపెనీ సైలెన్సర్‌తో విన్నా బాగానే ఉంటుంది. సరదా వద్దని ఎవరూ అనరు. మీ అబ్బాయి సరదాకు పక్కింటి అవ్వ నిద్ర ఖర్చు కాకూడదు, అంతే. ఆ మాట చెప్పాల్సింది పోలీసుల కంటే ముందు, బండికి డబ్బులిచ్చిన ఇంట్లోవాళ్లే.