జ్ఞాపకంతో బాకీ తీరదు

గత నెలలో ఒక పాత ఛాయాచిత్రం మా పట్టణంలో ఫోను నుండి ఫోనుకు తిరిగింది. కర్నూలు పాతబస్తీలో ఒకప్పుడు ఉండిన రెండంతస్తుల దుకాణం అది. గుమ్మం దగ్గర తెల్లని టోపీతో దుకాణ యజమాని నిలబడి ఉన్నారు. వెనుక బల్లల మీద బట్టల తాన్లు, పైన వేలాడదీసిన స్కూలు సంచులు కనిపిస్తున్నాయి. ఆ చిత్రం కింద అరవై మందికి పైగా తమ ఆవేదన వ్రాశారు. ఆ రోజులే వేరని ఒకరు, నేటి మాల్స్‌లో ఆ ఆత్మీయత ఎక్కడిదని మరొకరు. పెద్ద కంపెనీలు వచ్చి మన దుకాణాలను మింగేశాయని ఒక సోదరుడు కోపంతో వ్రాశాడు. నేను కూడా రెండు మాటలు వ్రాయబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో పాఠకులతో చెప్పుకోవడానికే ఈ నెల ఈ శీర్షికను వినియోగించుకుంటున్నాను.

ముందు ఆ దుకాణం గురించి చెప్పాలి. కింది అంతస్తులో బట్టలు. పిల్లల యూనిఫారాల గుడ్డ, లుంగీలు, బురఖా వస్త్రం, పెళ్ళి చీరలు, చలికాలపు దుప్పట్లు అన్నీ అక్కడే దొరికేవి. పై అంతస్తులో ట్రంకుపెట్టెలు, స్టీలు టిఫిన్లు, గొడుగులు ఉండేవి. మెట్ల పక్కన ఒక అద్దాల బీరువా. అందులో అత్తరు సీసాలు, సుర్మా, తస్బీహ్‌లు, టోపీలు, జానమాజ్‌లు. పుట్టిన బిడ్డకు తొడిగే చొక్కా నుండి కఫన్ గుడ్డ వరకు ఒకే కప్పు కింద లభించేవి. యజమానిని ఊరంతా చాచా అని పిలిచేది. కఫన్ గుడ్డ మీద ఆయన లాభం తీసుకునేవారు కారు. ఆ సంగతి ఆయన నోటి వెంట ఎవరూ వినలేదు. గుడ్డ కొన్న ఇళ్ళవారికి మాత్రమే తెలుసు.

అయితే ఆ దుకాణాన్ని మాకు దగ్గర చేసింది సరుకు కంటే ఖాతా పుస్తకం. గల్లాపెట్టె పక్కన ఎర్రగుడ్డ అట్టతో పొడవాటి పుస్తకాలు నాలుగైదు ఉండేవి. బీడీ కార్మికురాలికి ఒక పేజీ, రిక్షా తొక్కేవానికి ఒక పేజీ, మదర్సా ఉపాధ్యాయునికి ఒక పేజీ. రమజాన్ మాసంలో చేతిలో రూపాయి లేని ఇంట్లో కూడా పండుగనాడు పిల్లలు కొత్తబట్టలు తొడుక్కునేవారంటే, ఆ పుస్తకమే కారణం. ఆ అరువుకు వడ్డీ లేదు.

ఇక పెద్ద దుకాణాల విషయం. మింగడం, మింగబడడం చిన్న దుకాణాలకే పరిమితం కాలేదు. 1986లో హైదరాబాద్‌లో మొదలై దక్షిణాదిన శాఖలు విస్తరించిన త్రినేత్ర దుకాణాలను 2007లో ఆదిత్య బిర్లా సంస్థ కొనుగోలు చేసింది. ఆ పేరు పోయి మోర్ అనే పేరు వచ్చింది. రిలయన్స్ సంస్థ తన ఫ్రెష్ దుకాణాలను 2006లో ప్రారంభించింది హైదరాబాద్‌లోనే. హెరిటేజ్ వారి దుకాణాలు 2016లో కుదిరిన ఒప్పందంతో ఫ్యూచర్ గ్రూపు చేతికి వెళ్ళాయి. బిగ్ బజార్‌తో దేశమంతటా పేరు పొందిన ఆ ఫ్యూచర్ సంస్థే అప్పుల భారం మోయలేక 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. నిన్న కొన్నవాడు నేడు అమ్ముకున్నాడు. రాజ్యాధికారమైనా, సిరిసంపదలైనా మనుషుల మధ్య చేతులు మారుతూ ఉంటాయన్న సత్యానికి బజారును మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. పెద్ద దుకాణం పెట్టడం షరీఅతులో నిషిద్ధం కాదు. ధర సరుకు మీదనే ముద్రించి ఉండడం, తూకం యంత్రం మీద అందరికీ కనిపించడం, రసీదు చేతికి ఇవ్వడం, స్త్రీలు బేరమాడే ఇబ్బంది లేకుండా కొనుక్కోగలగడం మంచి విషయాలే. తూకంలో మోసగించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అనే పేరుతో ఒక సూరహ్ అవతరించింది. ఆ హెచ్చరిక కంపెనీకి ఎంత వర్తిస్తుందో, వీధి చివరి దుకాణానికీ అంతే వర్తిస్తుంది. పాతది గనుక ప్రతి దుకాణమూ నిజాయితీగా నడిచిందని అనలేము. మన వీధుల్లోనూ గజం కర్రను పొట్టిగా కొలిచినవారు ఉన్నారు. కాబట్టి కంపెనీని తిట్టి, పాత దుకాణాన్ని పొగిడి చేతులు దులుపుకోవడం నాకు సమ్మతం కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ దుకాణం మూతపడడంలో మన చేయి ఎంత?

చిన్న దుకాణదారుని లెక్క గమనించండి. అతని పెట్టుబడి ఐదు లక్షలు అనుకుందాం. అందులో లక్షన్నర మన పేజీల్లో అరువుగా నిలిచిపోయింది. హోల్‌సేల్ వ్యాపారి ఇచ్చిన గడువు ముగుస్తుంది. అతనికి కట్టడానికి చేతిలో డబ్బు ఉండదు. కట్టకపోతే కొత్త సరుకు రాదు. కొత్త సరుకు లేని దుకాణానికి కొనేవారు రారు. కంపెనీ దుకాణం మిల్లు నుండి నేరుగా, పెద్ద మొత్తంలో కొంటుంది. మన దగ్గర నగదు తీసుకుని అమ్ముతుంది. అరువు అడిగే ధైర్యం అక్కడ మనకు లేదు. మన పట్టణానికి ఆ దుకాణాలు వచ్చాక మనం చేసిందేమిటి? నెల మొదటి వారంలో జీతం చేతికి రాగానే అక్కడికి వెళ్ళాము. మూడవ వారంలో డబ్బు అయిపోగానే చాచా దగ్గరికి వచ్చాము. నగదు వారికి, అరువు వీరికి. ఈ పద్ధతి ఎన్నేళ్ళు సాగినా నిలబడగల దుకాణం ఉంటుందా?

ఇక నా సంగతి చెబుతాను. 2009లో రమజాన్ పండుగ సెప్టెంబరు 21న వచ్చింది. పండుగకు వారం రోజుల ముందు నా ముగ్గురు పిల్లలకు, వారి అమ్మీకి చాచా దగ్గర బట్టలు తీసుకున్నాను. మొత్తం 1,850 రూపాయలు. నా పేజీలో వ్రాసుకున్నారు. వచ్చే నెల జీతం రాగానే ఇస్తానని చెప్పాను. అక్టోబరు 2వ తేదీ శుక్రవారం తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచెత్తాయి. ఆ రాత్రి మేడల మీద గడిపినవారికి దాని గురించి నేను చెప్పనక్కరలేదు. చాచా దుకాణంలో కింది అంతస్తు పూర్తిగా మునిగింది. నీరు తీసిన తర్వాత వెళ్ళి చూశాను. బట్టల తాన్లు బురదలో ఉన్నాయి. ఖాతా పుస్తకాలు తడిసి ముద్దలై, పేజీని పేజీ నుండి విడదీయడానికి వీలు లేకుండా ఉన్నాయి.

పక్కనున్న ఒకాయన అన్నాడు: “గుర్తున్నంతవరకు మళ్ళీ వ్రాసుకోండి చాచా. ఊరంతా మీకు బాకీ కదా!”

చాచా బురద ఎత్తుతూనే జవాబిచ్చారు: “చాలా పద్దులు గుర్తున్నాయి బేటా. కాని వంద రూపాయలు ఎక్కువ వ్రాశాననుకో, రేపు అల్లాహ్ ముందు ఏం చెప్పుకోను? తీసుకున్నవారికి గుర్తుంటుంది. వారే వచ్చి చెబుతారు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నేను పరామర్శించి, దుఆ చేసి, ఇంటికి వచ్చాను. మా ఇల్లు కూడా మునిగింది. ఆ నెల జీతం బియ్యానికి, పాత్రలకు సరిపోలేదు. ఇది నిజమైన ఇబ్బందే. కాని మరుసటి సంవత్సరం ఆ ఇబ్బంది లేదు. ఆ తర్వాతి సంవత్సరమూ లేదు. ఇబ్బంది పోయి సిగ్గు మిగిలింది. ఇన్నాళ్ళకు ఎలా వెళ్ళేదని ఆ వీధిలో నడవడం మానుకున్నాను. పండుగ బట్టలకు పెద్ద దుకాణానికి వెళ్ళసాగాము. అక్కడ వరుసలో నిలబడి నగదు చెల్లించాను.

చాచా దుకాణాన్ని తిరిగి నిలబెట్టడానికి ఏడెనిమిది సంవత్సరాలు ప్రయాసపడ్డారు. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు వ్యాపారం పూర్తిగా స్తంభించింది. మరుసటి ఏడాది దుకాణం మూసివేశారు. 2019లో ఆయన మరణించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

జనాజా నమాజుకు ముందు ఆయన కుమారుడు వరుసల ఎదుట నిలబడి, “మా అబ్బా ఎవరికైనా బాకీ ఉంటే నాకు చెప్పండి, నేను తీరుస్తాను” అన్నాడు. మన సంప్రదాయం అదే. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) జనాజా ముందుకు వచ్చినప్పుడు మృతునికి రుణం ఉన్నదా అని విచారించేవారు. ఒక సందర్భంలో హజ్రత్ అబూ ఖతాదా (రజి) మృతుని బాకీని తన మీద వేసుకున్న తర్వాతనే ఆయన నమాజు చేయించారు. ఈ హదీసును నేను విద్యార్థులకు ఎన్నో ఏళ్ళుగా బోధిస్తున్నాను. ఆ రోజు రెండవ వరుసలో నిలబడి ఉన్నాను. బాకీ ఉన్నవాడు శవపేటికలో లేడు. వరుసల్లో ఉన్నాడు.

ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పెద్ద ఆయతు నమాజు గురించి గాని, హజ్ గురించి గాని వచ్చినది కాదు. అది అల్ బఖరా సూరహ్‌లోని 282వ ఆయతు. గడువు పెట్టి తీసుకున్న రుణాన్ని వ్రాసిపెట్టుకోవాలని అందులో ఆజ్ఞ ఉంది. ఆ పత్రాన్ని ఎవరు చెప్పి వ్రాయించాలి? రుణం ఇచ్చినవాడు కాదు, తీసుకున్నవాడు. అల్లాహ్‌కు భయపడి, ఏమీ తగ్గించకుండా అతడే చెప్పాలని ఆదేశం. మదర్సాలో చదవని చాచా ఆ బురదలో నిలబడి చెప్పిన మాట అదే. చదివిన నేను దాన్ని వినీ వినట్టు వచ్చేశాను.

నమాజు జరిగిన మరుసటి రోజు ఆ ఇంటికి వెళ్ళాను. ఆ కుమారుడు చిన్నప్పుడు నా దగ్గర ఖాయిదా చదివినవాడు. జరిగినదంతా చెప్పి 1,850 రూపాయలు అతని ముందు పెట్టాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు.

“అబ్బా మాఫ్ చేసే ఉంటారు ఉస్తాద్” అన్నాడు చివరకు.

“చేసి ఉంటే అది ఆయన గొప్పతనం. నాకు తెలియదు కాబట్టి నేను తీర్చాలి. ఇందులో మీ అమ్మీకి, మీ అక్కాచెల్లెళ్ళకు వాటా ఉంది. వారికి కూడా చెప్పు” అన్నాను.

అతడు తీసుకున్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు: “వరద తర్వాత ఇలా వచ్చినవారిలో మీరు నాలుగోవారు.”

గత నెలలో ఆ ఛాయాచిత్రం కింద అరవై మంది ఆవేదన చదువుతున్నప్పుడు నాకు ఆ నాలుగు అనే అంకె గుర్తుకు వచ్చింది. అందుకే ఆగిపోయాను. ఆ అరవై మందిలో ఎవరెవరికి అక్కడ పేజీ ఉండేదో నాకు తెలియదు, విచారించే హక్కు కూడా నాకు లేదు. ఎవరి పేజీ వారికి తెలుసు.

అందుచేత పాఠకులకు నా విన్నపం ఇది. ఈ నెలలో ఒక సాయంత్రం భార్యాభర్తలు కూర్చుని, మూతపడిన దుకాణాలతో సహా, మీరు బాకీపడినవన్నీ ఒక కాగితం మీద వ్రాయండి. దుకాణదారుడు జీవించి ఉంటే స్వయంగా వెళ్ళి ఇవ్వండి. మరణించి ఉంటే ఆ సొమ్ము వారసులందరిదీ. ఎదురైన ఒక్క కుమారుని చేతిలో పెట్టి మరచిపోకండి. వారు మాఫ్ చేస్తే మంచిదే, కాని చిన్నపిల్లల వాటాను పెద్దలు మాఫ్ చేయలేరు. ఎంత వెదికినా ఎవరూ దొరకకపోతే, అసలు హక్కుదారుని తరఫున ఆ మొత్తాన్ని పేదలకు సదఖా చేయాలని మన ధర్మవేత్తలు చెప్పారు. మొత్తం సరిగా గుర్తు లేకపోతే ఎక్కువవైపు లెక్కించండి. ఒకేసారి తీర్చలేనివారు దాచుకోకుండా వెళ్ళి గడువు అడగండి. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు ఇవ్వమని అల్లాహ్ అదే సూరహ్‌లో 280వ ఆయతులో ఆదేశించాడు. షహీదుకు అన్నీ క్షమించబడతాయి గాని రుణం క్షమించబడదని హదీసు ఉంది. ఇక మనమెంత?

మీ వీధిలో ఇంకా ఖాతా పుస్తకం ఉంచిన దుకాణం ఒకటి మిగిలి ఉంటే, జీతం వచ్చిన మొదటి వారంలో కూడా ఒకసారి అక్కడికి వెళ్ళండి. అరువు దొరికే చోటికి నగదు కూడా చేరితే ఆ గుమ్మం తెరిచి ఉంటుంది.

చాచాను, మనకు అరువిచ్చి వెళ్ళిపోయిన దుకాణదారులందరినీ అల్లాహ్ తన కారుణ్యంతో కప్పుగాక. మన బాకీలు ఈ లోకంలోనే తీర్చుకునే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.