సంతకానికి ముందు ఒక్క ప్రశ్న

పరంజా మీంచి భుజం మోపి పడితే కాలర్ బోన్ చివర కీలు విడిపోతుంది. అలాంటి కేసుల ఇన్సూరెన్సు కాగితాలు రాసే గుమాస్తాలం మేము. సోదరులారా, ఆపరేషన్ అనగానే బెదిరిపోవద్దు, తొందరపడొద్దు. ముందు ఎన్నో రకం గాయమో అడగండి. మొత్తం ఆరు రకాలు. మొదటి రెండింటికి మెడకు వేలాడే కట్టు, విశ్రాంతి, వ్యాయామం చాలు. చివరి మూడింటికి సాధారణంగా ఆపరేషన్ చేస్తారు. మూడో రకంపై డాక్టర్లలోనే రెండు మాటలు.

హుక్ ప్లేటు వేస్తే కొన్ని నెలలకు దాన్ని తీయడానికి మళ్ళీ ఆపరేషన్ కావాలి. మొదటిది చేయించి టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తే రెండోదాని ఖర్చు ఎవరిది? ఆ మాట కంపెనీతో కాగితం మీద రాయించుకోవాలని మా అభిప్రాయం. ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితాలు భద్రంగా దాచుకోండి. మన జీతం ఆ భుజం మీదే ఉంది.