బిడ్డకు చూపవలసిన లెక్క

పరీక్షాఫలితాలు వెలువడిన నాటినుండి కళాశాలల ద్వారాలు తెరచే నాటివరకు మన తాడేపల్లి ఇళ్ళలో ఒకే మాట పలు గొంతులలో వినిపిస్తుంది: "మాలాగా నువ్వు కష్టపడకూడదు." ఉర్దూ మాట్లాడే ఇంట అది "బేటా" అని మొదలవుతుంది. తెలుగే ఇంటిభాషగా గల నూర్‌బాషాల ఇంట "నాయనా" అని మొదలవుతుంది. చెప్పేవారు కుట్టుమిషను మీద నడుము వంగినవారు కావచ్చు, ఆటో తోలేవారు కావచ్చు, కౌలు పొలంలో మిరప వేసినవారు కావచ్చు. ఆ మాటలోని ప్రేమను శంకించేవారము కాము. కాని అది సలహా అవుతుందా అన్నది మా సందేహం. ఎటు పోరాదో చెప్పి ఎటు పోవాలో చెప్పని మాట ఊరి పొలిమేర వరకు సాగనంపి వెనుదిరగడం వంటిది. ఆ తరువాత వెలువడే పేర్లు అందరికీ తెలిసినవే. డాక్టరు, ఇంజనీరు అన్న రెండు పాత పేర్లకు సాఫ్టువేరు అన్న మూడవది చేరింది. ఆ పేర్ల వెనుక ఏమి పని ఉన్నదో చెప్పినవారికీ తెలియదు, విన్నవారికీ తెలియదు.

పూర్వులు బిడ్డలకు ఏమి చెప్పారో ఒకసారి చూద్దాము. దివ్య ఖుర్ఆనులోని 31వ అధ్యాయం లుఖ్మాన్ పేరిట ఉన్నది. ఆ జ్ఞాని తన కుమారునికి చేసిన హితబోధ అందులో ఉన్నది. దైవం ఒక్కడేనన్న విశ్వాసం, ప్రార్థన, ఓర్పు, నడకలో అణకువ, గొంతులో మృదుత్వం అందులోని విషయాలు. ఆవగింజంత పని ఎంత రాతిలో దాగినా లెక్కకు వస్తుందన్న హెచ్చరిక కూడా ఉన్నది. ఏ వృత్తి చేపట్టాలన్న ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు.

మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఇక్బాల్ వృత్తాంతం తెలిసినదే. రౌండ్ టేబుల్ సమావేశానికి లండను వెళ్ళిన తండ్రికి చిన్నవాడైన జావేద్ తన చేతివ్రాతతో తొలి ఉత్తరం వ్రాస్తూ గ్రామఫోను తెమ్మని అడిగాడు. గ్రామఫోను రాలేదు, కవిత వచ్చింది! 1935లో వెలువడిన 'బాలే జిబ్రీల్' సంపుటిలో అది చేరింది. ఆ పిల్లవాడు ఆనాడు ఎంత నిరుత్సాహపడ్డాడో ఊహించుకోవలసినదే. 1938లో తండ్రి మరణించేనాటికి జావేద్‌కు పదునాలుగేళ్ళయినా నిండలేదు. అతడు పెరిగి పెద్దవాడై న్యాయమూర్తి అయినాడు. ఆ కవితలోనూ ఉద్యోగం ఊసు లేదు.

అయితే శీలం ఒక్కటి బోధిస్తే చాలునని మేము చెప్పబోవడం లేదు. అది ఉపన్యాసవేదికల మీద సులువుగా చెప్పి చప్పట్లు కొట్టించుకొనే మాట. అద్దె ఇంటిలో ఉండి, వడ్డీకి తెచ్చిన డబ్బుతో బిడ్డకు ఫీజు కట్టే తండ్రికి జీవనోపాధి చింత సహజం. మా అభిప్రాయం ఇంకొకటి. శీలానికీ ఉపాధికీ నడుమ తల్లిదండ్రులు బిడ్డకు అందించగల మూడవ వస్తువు ఒకటున్నది. దానిని వారు దాచిపెడుతున్నారు. అది ఇంటి లెక్క.

పద్దెనిమిదేళ్ళు నిండిన వారికి 1989 నుండి ఈ దేశంలో వోటుహక్కు ఉన్నది. ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి యోగ్యుడని రాజ్యాంగం అంగీకరించిన యువకునికి తండ్రి వ్రాసిచ్చిన ప్రామిసరీ నోటు చూసే యోగ్యత ఇంటిలో లేదు. "చదువుకునే పిల్లవాడికి ఇవన్నీ ఎందుకు" అంటారు. చెబితే బిడ్డ మనసు చెదిరిపోతుందని తల్లి భయం, తన పరువు తరుగుతుందని తండ్రి భయం. ఫలితంగా, తన నాలుగేళ్ళ చదువు ఎంత అప్పు మీద నిలిచి ఉన్నదో తెలియకుండానే విద్యార్థి కోర్సు ఎంచుకుంటున్నాడు. ఎంపిక అతనిది, లెక్క మరొకరిది. ఇది న్యాయం కాదు.

ఈ నల్లరేగడి నేలలో లెక్క తెలియకపోవడం ఎంత ప్రమాదకరమో చరిత్ర చెబుతున్నది. 1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలను తెల్లదోమ తినివేసినప్పుడు అప్పులపాలైన రైతులలో పలువురు ప్రాణాలు తీసుకున్నారు. చీడ కంటికి కనిపించింది. అప్పు కనిపించలేదు. ఇంటిలో పెరిగిన పిల్లలకే కనిపించలేదు.

మిరప మాట చూడండి. గుంటూరు యార్డుకు చేరిన టిక్కీ ధర కాయ రంగును బట్టి, తేమను బట్టి, తాలును బట్టి, శీతల గిడ్డంగులలో నిలువ ఉన్న పాత సరుకును బట్టి, ఎగుమతి గిరాకీని బట్టి నిర్ణయమవుతుంది. ప్రత్తికి మద్దతు ధర ఉన్నది, కొనడానికి భారత ప్రత్తి సంస్థ ఉన్నది. దూదిలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. మిరపకు అటువంటి మద్దతు ధర లేదు. ధర పడిపోయినప్పుడు మాత్రమే మార్కెట్ జోక్యం పేరిట ప్రభుత్వం అడుగుపెడుతుంది. 2017లో అట్లా ప్రకటించిన ధర క్వింటాలుకు 5,000 రూపాయలు. 2025లో 11,781 రూపాయలు. నడుమ 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి తోటలకు తోటలే దున్నివేయించింది. కోత కూలి ఎంత, మందుల ఖర్చు ఎంత, దళారీ కమీషను ఎంత, నికరంగా చేతికి వచ్చినది ఎంత అన్న నాలుగు అంకెలు ఒక కాగితం మీద వ్రాసి బిడ్డ ముందుంచితే, అది వాణిజ్యశాస్త్రంలో ఒక పాఠ్యగ్రంథానికి సమానం. ఆ బిడ్డ తరువాత బ్యాంకులో పనిచేసినా, దుకాణం తెరచినా, పంట వేసినా ఆ కాగితం అతనికి పనికివస్తుంది. దుగ్గిరాల పసుపు వ్యాపారం కాని, మంగళగిరి మగ్గం మీది చీర కాని, మన పేటలోని దర్జీ దుకాణం కాని, ప్రతి పనికీ ఇటువంటి కాగితం ఒకటున్నది. అది ఎవరూ వ్రాయరు. తండ్రితోపాటే పోతుంది.

మన మండలానికి ప్రత్యేకమైన అనుభవం ఇంకొకటున్నది. ఉండవల్లి, పెనుమాక గ్రామాలు రాజధాని భూసమీకరణలోనికి వచ్చాయి. "నేల ఉన్నది, నీకేమి భయం" అన్నది అప్పటివరకు ఈ ప్రాంతపు తండ్రులకు సిద్ధంగా ఉన్న సలహా. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు ఆ సలహా "ప్లాటు వస్తుంది, నీకేమి భయం" అని మారింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన రాగానే ఆ ధైర్యమూ సడలింది. 2024లో ప్రభుత్వం మారి, 2025 మే నెలలో పనులు తిరిగి ప్రారంభమైనప్పుడు మళ్ళీ ఊపిరి వచ్చింది. పదేళ్ళలో ఒకే తండ్రి ఒకే కొడుకుకు చెప్పిన మాట మూడుసార్లు మారవలసి వచ్చింది. ఎవరి తప్పు అన్న చర్చ ఈ వ్యాసానికి అవసరం లేదు. ఆస్తి మీద ఆధారపడిన సలహా ఆస్తితోపాటే ఊగుతుందన్నది మాత్రం ఈ నాలుగూళ్ళలో చిన్నపిల్లలకూ తెలిసింది.

మరి వృత్తిని వారసత్వంగా ఇవ్వవచ్చునా? దూది ఏకే విల్లు యంత్రం ముందు నిలువలేకపోయింది. దానిని బిడ్డ చేతికి ఇచ్చి కూర్చోమనేవారెవ్వరూ లేరు. అయినా వారసత్వమన్నంతనే తలుపు వేయడం తొందరపాటు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబ్ జీవితం చూడండి. ఆయన వంశంలో తరతరాలుగా నాదస్వరమే వృత్తి. ముస్లిం కుటుంబం, ఆలయ వాద్యం! తండ్రి కాసిం సాహెబ్ వద్ద ఆయనకు తొలి పాఠాలు అందాయి. అక్కడితో ఆగలేదు. చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ వద్ద నేర్చుకున్నారు. ఆపైన తంజావూరు బాణీకోసం తమిళదేశం వెళ్ళి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు వద్ద శిష్యరికం చేసి, చివరకు శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఆయనను వరించాయి. 1999లో మరణించేవరకు ఆయన తన నమాజునూ విడువలేదు, తన వాద్యాన్నీ విడువలేదు. ఇంటి విద్య ఇంటిలోనే ముగియనవసరం లేదని ఈ జీవితం చూపుతున్నది. తండ్రి వద్ద ఉన్నది తండ్రి వద్ద గ్రహించి, లేనిదానికై మరొకరి గడప ఎక్కారు. "నాకు తెలిసినది ఇంత, మిగిలినది ఫలానావారికి తెలుసు, వెళ్ళి అడుగు" అని చెప్పగల తండ్రి ప్రతి ఇంటా ఉండాలని మా కోరిక. చూడగా ఆ మాట డాక్టరు, ఇంజనీరు అన్న పేర్లకంటే కష్టమైనది. తన హద్దును తానే బిడ్డ ముందు గీసి చూపవలసి ఉంటుంది.

డాక్టరు అన్న పేరు ఎట్లాగూ వచ్చినది కనుక ఒక మాట. మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ మన కళ్ళెదుట వెలసింది. అటువంటి ఆసుపత్రి డాక్టర్లతోనే నడవదు. నర్సులు, మందుల విభాగపువారు, రక్తపరీక్షలు చేసేవారు, ఎక్స్‌రే తీసేవారు, డయాలసిస్ యంత్రం నడిపేవారు, రికార్డులు భద్రపరచేవారు కావాలి. వైద్యవిద్యలో సీటు రాలేదని రెండేళ్ళు, మూడేళ్ళు శిక్షణాకేంద్రాలలో గడిపే మన పిల్లలలో ఎందరికి ఈ కోర్సుల పేర్లు తెలుసు? ఇంజనీరింగుకు మాత్రం కొరతలేదు. వడ్డేశ్వరంలో 1980లోనే కళాశాల వెలసింది, ఆ తరువాత చుట్టూరా మరెన్నో వచ్చాయి. పట్టా సంపాదించడం ఇప్పుడు అంత కష్టం కాదు. పట్టాకు తగిన పని నేర్వడమే కష్టం.

ఆడపిల్లల విషయంలో లెక్క దాచడం మరీ ఎక్కువ. కొడుక్కు చెప్పకపోయినా ఏదో ఒకనాడు అప్పులవాడు చెబుతాడు. కూతురికి ఎవరూ చెప్పరు. డిగ్రీ చదువు పెళ్ళిసంబంధానికి ఒక అలంకారమన్న భావన పూర్తిగా పోలేదు. ఆమె పేరిట ఎంత దాచారో, ఆమె పెళ్ళికి ఎంత అప్పు చేయబోతున్నారో ఆమెకు తెలియాలి. ఆ సొమ్ములో సగం ఒక నర్సింగు కోర్సుకో, ఉపాధ్యాయ శిక్షణకో ఖర్చుచేసి ఆమె ఇష్టం అడిగి చూడండి. ఆమె వద్దన్నా మంచిదే. అడిగినట్లవుతుంది.

ఇక ప్రయోజనకరమైన చిన్న విషయం. 2007 నాటి చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన కొన్ని వర్గాలకు రాష్ట్రంలో బి.సి. 'ఇ' కింద 4 శాతం రిజర్వేషను వచ్చింది. నూర్‌బాషాలు బి.సి. 'బి'లో ఉన్నారు. కులధ్రువీకరణ పత్రం దరఖాస్తు గడువు ముగిసే రోజున గుర్తుకు వచ్చేది కాదు. తండ్రి సలహాలలో మొదటి సలహా ఇదే అయినా తప్పులేదు. కవితలకంటె ముందు కాగితాలు.

విద్యార్థులతో ఒక మనవి. మీరు అడగనిదే వారు చెప్పరు. సిగ్గు వారిది, సంకోచం మీది. ఈ సెలవులలో ఒకనాడు అబ్బాజాన్ వెంట యార్డుకో, దుకాణానికో, షెడ్డుకో వెళ్ళి సాయంత్రం వరకు ఉండండి. రాత్రి అన్నం తిన్న తరువాత ఆ రోజు వచ్చిన డబ్బు ఎంత, పోయిన డబ్బు ఎంత అని అడగండి. కోప్పడితే మర్నాడు అమ్మీని అడగండి. చాలా ఇళ్ళలో అసలు లెక్క ఆమె వద్దనే ఉంటుంది.

కళాశాల పాలకసంఘం వారికి మా సూచన ఒకటి. ఏటా వార్షికోత్సవానికి ముఖ్య అతిథులను పిలుస్తున్నాము, వారి ప్రసంగాలు వింటున్నాము. ఈ ఏడు అదనంగా ఒక శనివారం మధ్యాహ్నం కేటాయించి విద్యార్థుల తల్లిదండ్రులనే పిలిపించండి. ఒక దర్జీ, ఒక కౌలురైతు, ఒక మెకానిక్కు, మగ్గం మీద పనిచేసిన ఒక తల్లి వస్తే చాలు. వేదిక అవసరం లేదు, పూలదండ అవసరం లేదు, తరగతి గదిలోని బల్ల చాలు. తమ పని ఎట్లా నేర్చారో, నెలకు ఏమి మిగులుతుందో ఒక్కొక్కరు పావుగంట చెప్పాలి. ఉర్దూలో చెప్పినది ఉర్దూలోను, తెలుగులో చెప్పినది తెలుగులోను ఇద్దరు విద్యార్థులు వ్రాసుకోవాలి. వచ్చే సంచికలో నాలుగు పుటలు దానికి కేటాయించమని సంపాదకవర్గాన్ని ఇప్పుడే అడుగుతున్నాము.