పంపుకు దిష్టి తగులుతుందా?

2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది గానీ నమ్మకాలు మారలేదు. వానల్లో మా పెరటి తామరకుంట పంపు ఆగితే దిష్టి అన్నారు, గుమ్మడికాయ కట్టారు. ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను. అది నా తప్పే. వారం తిరిగేసరికి నిలవనీటిలో దోమ లార్వాలు! డెంగీ వస్తే ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలి?

ప్లగ్గు పీకి, పంపు జాలీ విప్పాను. కుళ్ళిన ఆకులు, బురద, పూజ అయ్యాక పడేసిన బంతిపూలు, దారాలు. నీళ్ళు ఆడకపోతే మోటారు వేడెక్కి కాలిపోతుంది. పంపును చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, అడుగు బురద పీల్చకుండా రెండు ఇటుకల మీద ఎత్తాను. జాలీ కన్నా బుట్టకు చిల్లులెక్కువ, త్వరగా పూడదు. వారానికోసారి కడుగుతున్నాను. మళ్ళీ ఆగలేదు.

ఆ ఖ్యాతి గుమ్మడికాయ ఖాతాలో జమైంది. సరే, కాయ తీసేసి బుట్ట కడుగుదాం, తర్వాత కాయ కట్టి కడగడం మానేద్దాం, తేలిపోతుంది అన్నాను. ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోలేదు.