అంత్యకాల నవలలు

లోకాంతమును గూర్చిన కథలు మనకు క్రొత్తవి గావు. పోతులూరి వీరబ్రహ్మముగారి పేర వెలసిన కాలజ్ఞానమును వినని తెలుగు పల్లె అరుదు. క్రైస్తవ లోకమున నిట్టి కథలకు మూలము ప్రకటన గ్రంథము. దాని నాధారముగా గొని వ్రాయబడు నవలలు, ముఖ్యముగా ఇంగ్లీషున, విస్తారముగా వెలువడుచున్నవి. 1970లో సేలం కిర్బాన్ తన ‘666’ అను నవలను స్వయముగనే ప్రచురించెను. 2007లో అమెజాన్ సంస్థ కిండిల్ ద్వారమును తెఱచిన పిమ్మట, ప్రచురణకర్తల యనుమతికై వేచియుండవలసిన పని యెవరికిని లేకపోయినది.

ఇట్టి స్వయంప్రచురణమును నవ్వి త్రోసివేయుట న్యాయము గాదు. లాభము కానరాని వ్రాతను పెద్ద సంస్థలు ముట్టవు. విశ్వాసము గల యొక గుమాస్తాయో, ఉపాధ్యాయినియో తన సొమ్ము వెచ్చించి పుస్తకము నచ్చొత్తించుటయందు ధైర్యము గలదు. మన తెలుగు గ్రంథకర్తలలో పెక్కురకు నిది యలవాటే. పైగా నీ కథలు వేయు ప్రశ్న గొప్పది. ముద్ర వేయించుకొననివాడు కొనుటకును అమ్ముటకును వీలులేదని అధికారము శాసించినపుడు, బిడ్డల యాకలిని జూచుచు మనస్సాక్షిని కాపాడుకొనుట యెట్లు? మర్యాదగల నవలలనేకము లీ ప్రశ్నను దాటిపోవును.

కాని దోషములును స్వల్పములు గావు. వలదని చెప్పు పరిష్కర్త లేమిచే పాత్రలు సంభాషింపక ప్రసంగించును; శత్రువు గడ్డిబొమ్మయై నిలుచును. నిన్నటి వార్తను నేటి ప్రవచనముగా చేయుట మఱియొక దోషము. 1970లో హాల్ లిండ్సే తన గ్రంథమున రష్యాకు అంత్యయుద్ధమున గొప్ప పాత్ర నొసగెను. 1991లో సోవియట్ రాజ్యమే యంతరించెను.

అయినను తప్పంతయు స్వయంప్రచురణముదే యనరాదు. 1995 మొదలు 2007 వఱకు టిండేల్ హౌస్ వారు 16 సంపుటములుగా ప్రకటించిన ‘లెఫ్ట్ బిహైండ్’ నవలలు 6 కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయినవి. వారికి పరిష్కర్తలు లేకపోలేదు. విమర్శకులు వానియందును ఈ దోషములనే చూపిరి. కావున మూలము వేఱొకచోట నున్నది. శ్రమకాలమునకు ముందే విశ్వాసులు ఎత్తబడుదురను బోధను 19వ శతాబ్దమున జాన్ నెల్సన్ డార్బీ వ్యాపింపజేసెను. పోవువాడు ఇల్లు బాగుచేయునా? ప్రకటన గ్రంథమో, రోము ఏలుబడిలోని ఏడు సంఘములకు ఓర్పు నేర్పుటకై వ్రాయబడినది. దాని ముగింపున జనముల స్వస్థతకై ఆకులిచ్చు వృక్షము గలదు.

ఓర్పన నేమో చీరాలవారికి బోధింపనక్కఱలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనులు పురపాలక పన్నునకు లొంగక, ఇండ్లు విడిచి, రామనగరు పాకలలో నెలల తరబడి నివసించిరి. వారి నెవరును ఆకాశమున కెత్తుకొనిపోలేదు. ఎండవానలలో ఒకరి నొకరు ఆదుకొనిరి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టనబెట్టుకొనెను. ఇట్టి తీరమున బుట్టిన రచయిత ప్రళయమును అమెరికా నుండి యెరువు తెచ్చుకొననేల?

ఈ త్రోవ ద్రొక్కువారికి మా మనవి మూడు మాటలు. అచ్చునకు ముందు పుస్తకమును తమతో నేకీభవింపని చదువరికి చూపుడు. శత్రువునకు పొరుగువాని ముఖ మిండు. దినమును గడియను నెవడు నెఱుగడని మీ వేదమే చెప్పుచున్నది గావున తిథివారముల జోలికి పోకుడు. భయపెట్టి చేర్చుకొన్నవాడు భయము తీరినంతనే విడిచిపోవును. ధైర్యము చెప్పిన పుస్తకమును పాఠకుడు తన బిడ్డల చేతి కిచ్చును.