హోటల్‌కు ఐదు నక్షత్రాలు, మన కడుపుకు ఎవరు పూచీ?



హైదరాబాదు, బెంగళూరుల మధ్య కర్నూలు మీదుగా 44వ జాతీయ రహదారిపై వెళ్ళేవారిని గమనించండి. ఆకలి వేయగానే చేయి ఫోను మీదికి పోతుంది. నాలుగున్నర నక్షత్రాలు కనబడితే చాలు, బండి అటు తిరుగుతుంది. మంత్రాలయం, అహోబిలం యాత్రికులదీ ఇదే వరుస. కడపకు వచ్చి కారం దోశ తినదలచినవారు సైతం పెనాన్ని చూడటం మాని ఫోను తెరను చూస్తున్నారు. ఈ అలవాటు ఆరోగ్యానికి చేటు అని నా వాదన. నక్షత్రాలు రుచిని గురించి కొంత చెప్పగలవు. శుభ్రతను గురించి చెప్పలేవు.

ఎందుకు చెప్పలేవంటారా? సమీక్ష వ్రాసే వేళకూ, రోగం వచ్చే వేళకూ పొంతన లేదు గనుక. సమీక్షను బిల్లు కట్టిన కాసేపటికో, ఆ రాత్రికో వ్రాస్తారు. నిలువ ఉంచిన ఆహారంలో స్టెఫిలోకాకస్ విషం చేరితే అరగంట నుంచి ఎనిమిది గంటలలో వాంతులు మొదలవుతాయి. సాల్మొనెల్లా విరేచనాలకు ఆరు గంటల నుంచి ఆరు రోజులు పట్టవచ్చు. టైఫాయిడ్ సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల తరువాత బయటపడుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ కు 15 నుంచి 50 రోజులు కావాలి. నెల క్రితం ఏ హోటల్‌లో నీళ్ళు త్రాగామో ఎవరికి జ్ఞాపకం? రోగి మంచం పట్టి ఉంటాడు, అతడు ఇచ్చిన ఐదు నక్షత్రాలు మాత్రం చెక్కుచెదరక అక్కడే వెలుగుతుంటాయి.

1906లో న్యూయార్కు సమీపాన ఆయిస్టర్ బే అనే చోట ఒక ఇంట ఆరుగురికి టైఫాయిడ్ సోకింది. ఆరా తీయగా వంటమనిషి మేరీ మెలన్ ఆ క్రిములను మోస్తున్నట్లు తేలింది. ఆమెకు ఏ జబ్బూ లేదు. ఆమె చేసే పీచ్ పండ్ల ఐస్‌క్రీం అందరికీ ఇష్టం. వ్యాధి దాని ద్వారానే పాకిందని అనుమానించారు. ఆనాడు సమీక్షలు ఉండి ఉంటే ఆమెకు ఎన్ని నక్షత్రాలు దక్కేవో ఊహించండి!

వేయిమంది మెచ్చిన చోటు చెడ్డదెలా అవుతుందని కొందరు అడుగుతారు. మొదట ఆ వేయిమంది ఉన్నారో లేదో చూడాలి. 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే పాత్రికేయుడు తన పెరటిలోని షెడ్డును హోటల్‌గా నమోదు చేసి, మిత్రులచేత దొంగ సమీక్షలు వ్రాయించాడు. ఒక్క పూట కూడా వడ్డించకుండానే అది ట్రిప్ అడ్వైజర్‌లో లండన్‌కంతటికీ మొదటి స్థానానికి చేరింది! మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ సమీక్షలకు ఐఎస్ 19000 ప్రమాణాన్ని తెచ్చింది, కాని స్వచ్ఛంద ప్రమాణంగానే విడుదల చేసింది. ఇష్టముంటే పాటించమనే నియమానికి మోసగాడు భయపడతాడా?

వేయిమందీ నిజమైనవారే అనుకుందాం. వారు కూర్చున్నది భోజనాల గదిలో, వంటగదిలో కాదు. 2024 మే నెలలో హైదరాబాదులో ఆహార భద్రతాధికారులు పేరుమోసిన హోటళ్ళను తనిఖీ చేసినప్పుడు గడువు తీరిన సరుకులు, బొద్దింకలు బయటపడ్డాయి. పైన పటారం, లోన లొటారం!

మన సీమలో మరొక చిక్కు ఉంది. వేసవిలో నీళ్ళకు ట్యాంకరే దిక్కు. నీరు కరవైన చోట మొదట తగ్గేది చేతులు కడగడం, పళ్ళేలు కడగడం. ఒకే తొట్టిలో రోజంతా ముంచి తీసిన పళ్ళెంలో ఉగ్గాని ఎంత కమ్మగా ఉంటేనేమి?

కనుక కళ్ళకు పని చెప్పండి. ఆహారం పొగలు కక్కుతూ వస్తున్నదా? 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటల తరబడి ఉన్న వంటకంలో క్రిములు వేగంగా పెరుగుతాయి. కళ్ళెదుట కాలిన దోశ, వేడి సంగటి, ఉదయం చేసి పెట్టిన పచ్చడి కన్నా క్షేమం. నూనె నల్లబడిందా? చేతులు కడిగే చోట సబ్బు ఉందా? బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రతా సంఖ్య ఉందా? వంటవారికి ఏటా వైద్య పరీక్ష జరగాలని, టైఫాయిడ్ వర్గపు వ్యాధులకు టీకా ఉండాలని మన నిబంధనలే చెబుతున్నాయి. జరిగిందా అని అడగండి. సమీక్షలు చదవక తప్పదంటే ఒక్క నక్షత్రం ఇచ్చినవి చదవండి. కడుపునొప్పి, వాంతులు అనే మాటలు పదేపదే కనబడితే లేచి రండి.

ప్రభుత్వాన్ని అడగవలసినదీ ఒకటుంది. వేల్స్‌లో 2013 నుంచి ప్రతి హోటల్ తన శుభ్రతా మార్కులను ద్వారం వద్ద అంటించడం తప్పనిసరి. ఆ మార్కులు వేసేది వంటగది చూసిన అధికారి. మన తనిఖీ నివేదిక మాత్రం కార్యాలయపు దస్త్రంలో నిద్రపోతుంది. అది కర్నూలులోనూ, కడపలోనూ హోటల్ గుమ్మానికి ఎక్కాలి. అంతవరకు మీ కడుపుకు మీరే పూచీ. ఫోను జేబులో పెట్టి, ఒక్కసారి వంటగది వైపు తొంగిచూడండి. చూడనివ్వని చోట తినకండి.