సంబంధం ఖాయం చేసేముందు ఒక్క ప్రశ్న

లాల్‌దర్వాజాలోనైనా, శాలిబండలోనైనా... పాతబస్తీలో పెళ్లి మాటలు మొదలైతే చాలా ఇళ్లలో చూపు ముందు సొంతవాళ్ల వైపే వెళుతుంది. ఒకరింట్లో మేనమామ కూతురు, ఇంకొకరింట్లో చిన్నాన్న కొడుకు. తెలిసినవాళ్లు, పిల్ల కళ్లముందే ఉంటుంది, కష్టసుఖాల్లో ఆదుకుంటారు. ఈ కారణాలేవీ తీసిపారేసేవి కావు. అయితే కట్నకానుకల దగ్గర్నుంచి విందు దాకా అన్నీ మాట్లాడుకునే పెద్దలు ఒక్క ప్రశ్న మాత్రం దాటేస్తుంటారు: మన రెండిళ్లలో పిల్లలకు చిన్న వయసులోనే వచ్చిన జబ్బులేమిటి?

ఆ ప్రశ్న విలువ తెలియడానికి ఒక చిన్న ఎంజైమ్‌ ఉదాహరణ చాలు. మన ఒంట్లో రోజూ కోట్లాది కణాలు చనిపోతుంటాయి. వాటి నుంచి బయటపడే డీఎన్‌ఏను ముక్కలుచేసి శుభ్రం చేసే పని డీఎన్‌ఏస్‌ ఎంజైమ్‌లది. ఆ పని కుంటుపడితే మిగిలిపోయిన డీఎన్‌ఏను రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడి, దానిపై యాంటీబాడీలు తయారుచేస్తుంది. లూపస్‌ జబ్బుకు దారితీసే కారణాల్లో ఇదొకటి.

ఈ ఎంజైమ్‌లు అందరిలో ఒకేలా ఉండవు. 16వ క్రోమోజోమ్‌ మీదున్న డీఎన్‌ఏస్‌1 జన్యువులో మనిషికీ మనిషికీ మధ్య చిన్నచిన్న తేడాలు మామూలే. వాటిలో చాలావాటితో ఇబ్బంది లేదు. 3వ క్రోమోజోమ్‌ మీదున్న డీఎన్‌ఏస్‌1ఎల్‌3 సంగతి వేరు. తల్లి ఇచ్చిన ప్రతి, తండ్రి ఇచ్చిన ప్రతి రెండూ పనిచేయకపోతే లూపస్‌ వస్తుందని 2011లో సౌదీ అరేబియా శాస్త్రవేత్తలు గుర్తించారు. వారు చూసినవి దగ్గరి బంధువులు పెళ్లాడిన కుటుంబాలు. ఆ కుటుంబాల్లో జబ్బు ఎప్పుడూ బాల్యంలోనే మొదలైంది. ఎక్కువమందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఒక్క ప్రతే చెడిపోయినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అందుకే లోపం తరాల తరబడి బయటపడదు. బావామరదళ్లకు తాతమ్మలు ఒకరే కాబట్టి ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. అక్క కూతుర్ని చేసుకుంటే ఇంకా పెరుగుతుంది. ఇద్దరిలోనూ లోపముంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు.

లూపస్‌ వచ్చిన ప్రతివారికీ ఈ లోపం ఉన్నట్టు కాదు. ఒకే జన్యువు వల్ల వచ్చే లూపస్‌ అరుదు. మేనరికాల్లో పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. అందువల్ల భయపడనక్కర్లేదు, దాచుకోవడమూ తగదు.

తెలుసుకుంటే మేలే జరుగుతుందనడానికి మన దగ్గరే ఒక సాక్ష్యముంది. వైశ్యుల్లో కొందరికి మరో ఎంజైమ్‌ లోపం వల్ల, మత్తుతోపాటు కండరాలు సడలించేందుకిచ్చే కొన్ని మందుల ప్రభావం చాలాసేపు వదలదు. తరతరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం దీనికి మూలమని, హైదరాబాద్‌ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన వివరించింది. విషయం ముందే చెబితే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. అంతటితో ప్రమాదం తప్పుతుంది.

లూపస్‌ విషయంలోనూ అంతే. పిల్లలకు కారణం తెలియని జ్వరం, కీళ్ల నొప్పులు, బుగ్గలపై ఎర్రటి మచ్చలు, ముఖం వాపు, నురగతో మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. కిడ్నీ నష్టం మొదట్లో నొప్పి లేకుండానే సాగుతుంది. దాన్ని పసిగట్టేది మామూలు మూత్రపరీక్ష. చిన్న వయసులోనే లూపస్‌ తేలినా, ఇంట్లో ఇద్దరికి వచ్చినా జన్యుపరీక్ష గురించి డాక్టర్ని అడగండి. పంజాగుట్ట నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. ఒక బిడ్డలో లోపం తేలితే తోబుట్టువులను ముందే పరీక్షించి కాపాడుకోవచ్చు.

బిడ్డ జబ్బు సంగతి చెబితే మిగతా పిల్లలకు సంబంధాలు రావని చాలా ఇళ్లలో నోరు మెదపరు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది రేపు పుట్టబోయే మనవలు. ఈసారి సంబంధం మాట్లాడేటప్పుడు ఆ ఒక్క ప్రశ్నా అడగండి. మిమ్మల్ని అడిగితే దాచకుండా చెప్పండి.